రంగప్రవేశం తీయడానికి క్యామ్‌కార్డర్: 50పి కొనాలా, 60పి కొనాలా?

కృష్ణలంక_అమ్మ
మా అమ్మాయి కూచిపూడి రంగప్రవేశం విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో పెట్టుకున్నాం. దాదాపు మూడు గంటల కార్యక్రమం. వీడియోవాళ్ళను ఎలాగూ మాట్లాడతాం. కానీ వాళ్ళు ముఖం మీదే క్లోజప్ వేసి కూర్చుంటారు, సరిగ్గా జతి మొదలయ్యేసరికి ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్ళను చూపిస్తారు. పిల్ల మొదటి నుంచి చివరి దాకా పాదాలతో సహా కనపడేలా మా సొంత కెమెరా ఒకటి ఉండాలని నా కోరిక. తర్వాత ప్రోగ్రాములకు కూడా పనికొస్తుంది.

బడ్జెట్ యాభై వేల దాకా. డాలస్‌లో ఉన్న మా తమ్ముడు వస్తున్నాడు, అక్కడి నుంచి తెస్తానంటున్నాడు. ఇక్కడ షాపులో అడిగితే 50ఐ, 50పి, 25పి అంటున్నారు. తమ్ముడు పంపిన లిస్టులో అన్నీ 60ఐ, 60పి, 24పి. "50 కన్నా 60 ఎక్కువే కదా మేడమ్, అమెరికాదే మంచిది" అని షాపతనే అన్నాడు. నిజమేనా? ఈ అంకెల్లో ఏది చూసి కొనాలి?

ఫోన్‌చాలు
ఈ రోజుల్లో క్యామ్‌కార్డర్ ఎవరు కొంటున్నారండీ? మంచి ఫోను ఒకటి ట్రైపాడ్ మీద పెట్టండి, సరిపోతుంది. ఆ డబ్బుతో పాపకు ఇంకో పట్టుచీర డ్రెస్ కుట్టించండి.

బందరులడ్డు
పట్టుచీర పాయింటుకు నా ఓటు. ఫోను పాయింటుకు మాత్రం కాదు. మూడు గంటల మధ్యలో మేనమామ ఫోన్ చేసి "హాలు ఎక్కడమ్మా" అని అడుగుతాడు, వర్ణం అక్కడే ఆగుతుంది.

లెన్సుబాబాయ్
ఫోన్‌చాలు గారూ, ముందు వరసలో కూర్చుని పది నిమిషాలు తీయడానికి ఫోనే హాయి. ఆవిడ అడిగేది వేరు. హాలు మధ్య నుంచో వెనక నుంచో, ముందువాళ్ళ తలల మీదుగా, ఆపకుండా మూడు గంటలు. అంతసేపు తీస్తే ఫోను వేడెక్కుతుంది. దగ్గరకు లాగితే చాలా ఫోన్లలో నాలుగైదు రెట్లు దాటాక అది నిజమైన జూమ్ కాదు, బొమ్మను కోసి పెద్దది చేయడమే. క్యామ్‌కార్డర్‌లో లెన్సే ఇరవై ముప్పై రెట్లు లాగుతుంది, నిమ్మళంగా, ఒకే వేగంతో.

స్టిల్ కెమెరాలతో ఇంకో చిక్కుంది. పాత మోడళ్ళు చాలావరకు 29 నిమిషాల 59 సెకన్లకు ఆగిపోతాయి. యూరప్‌లో అరగంట, ఆపైన రికార్డు చేసేదాన్ని వీడియో కెమెరా కింద లెక్కగట్టి ఎక్కువ సుంకం వేసేవాళ్ళు కాబట్టి కంపెనీలు ఆ గీత గీసుకున్నాయి. క్యామ్‌కార్డర్‌కు ఆ గొడవ లేదు, కార్డు నిండేదాకా తీస్తూనే ఉంటుంది.

ఇక అసలు ప్రశ్న. షాపతని మాట వదిలేయండి. 50, 60 అనేవి మార్కులు కావు, ఎక్కువ వస్తే గొప్ప అనుకోవడానికి. అవి ఆయా దేశాల కరెంటు నుంచి వచ్చిన అంకెలు. మన కరెంటు 50 హెర్ట్జ్, అమెరికాది 60. టీవీలు వచ్చిన కాలంలో దాన్ని బట్టే మనకు సెకనుకు 25 బొమ్మలు, వాళ్ళకు 30 బొమ్మలు అని కుదిరింది. మన దూరదర్శన్ 1982లో రంగుల్లోకి వచ్చినప్పుడు తీసుకున్నది పాల్ పద్ధతి, అంటే 25. అమెరికావాళ్ళది ఎన్‌టీఎస్‌సీ. 1953లో రంగులు కలిపేటప్పుడు రంగు సిగ్నలూ ధ్వని సిగ్నలూ కొట్టుకోకుండా 30ని 29.97కి దించారు. అందుకే వాళ్ళ కెమెరాలో 60 అని రాసి ఉన్నా లోపల 59.94 ఉంటుంది, 24 అని ఉంటే 23.976.

ఇప్పుడు మీకు పనికొచ్చే ముక్క. మన ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంటాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. 50 ఫ్రేముల కెమెరా, అంటే సెకనుకు 50 బొమ్మలు తీసేది, ప్రతి ఫ్రేములోనూ సరిగ్గా రెండు మెరుపులు పట్టుకుంటుంది, కాబట్టి ఫ్రేములన్నీ ఒకే వెలుగుతో వస్తాయి. 60 ఫ్రేముల కెమెరాకు ఒక ఫ్రేములో రెండు, ఇంకో దాంట్లో ఒకటిన్నర ఇలా పడతాయి. వీడియో మొత్తం మినుకుమినుకుమంటుంది. కాబట్టి మన దగ్గర, మన లైట్ల కింద తీసే కెమెరా మన దేశపు మోడలే అయి ఉండాలి. అమెరికాది వద్దు.

డాలస్‌మావ
బాబాయ్ చెప్పింది అక్షరాలా జరిగింది. మా బావమరిది ఇక్కడి హ్యాండీక్యామ్ తీసుకెళ్ళి భీమవరంలో పెళ్ళి తీశాడు. పగలు బయట తీసిందంతా అద్దంలా ఉంది. రాత్రి భోజనాల హాల్లో ట్యూబ్‌లైట్ల కింద తీసిందంతా దడదడలాడుతూ ఉంది. అత్తగారు అది చూసి తలనొప్పి వచ్చిందని టీవీ కట్టించారు. ఇక్కడ మా తెలుగు సంఘం ప్రోగ్రాములు తీస్తే అదే కెమెరా బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

ఎడిట్‌గది
ఒక్క నిమిషం. లెన్సుబాబాయ్ గారు చెప్పిన కారణం కరెక్టే, కానీ దానికి విరుగుడు ఉంది. 60పి కెమెరాలో షట్టర్ స్పీడును, అంటే ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుగు తీసుకునే సమయాన్ని, 1/100 (సెకనులో వందో వంతు) మీద పెట్టండి. అప్పుడు ప్రతి ఫ్రేమూ సరిగ్గా ఒక్క మెరుపునే తీసుకుంటుంది, మినుకు పోతుంది. నేను రోజూ చేసే పనే ఇది.

పైగా వీడియో ఎక్కడ చూస్తారో ఎవరూ మాట్లాడటం లేదు. ల్యాప్‌టాప్ స్క్రీన్ 60 హెర్ట్జ్. ఫోన్ స్క్రీన్ 60 లేదా 120. 60ని గానీ 120ని గానీ 50తో భాగిస్తే సరిగ్గా పోదు. కాబట్టి 50 ఫ్రేముల వీడియో వాటి మీద ఆడితే కొన్ని ఫ్రేములు రెండుసార్లు పడి, కదలిక సన్నగా తడబడుతుంది. కెమెరా పక్కకు తిప్పినప్పుడు బాగా కనపడుతుంది. చూసేది ఫోన్లోనూ యూట్యూబ్‌లోనూ అయితే 60పి తీసుకుని షట్టర్ 1/100లో లాక్ చేయడమే నా సలహా.

లెన్సుబాబాయ్
షట్టర్ సంగతి ఒప్పుకుంటాను. కానీ 1/60 నుంచి 1/100కి వెళ్తే లోపలికి వచ్చే వెలుగులో నలభై శాతం పోయినట్టే. 50పి కెమెరాతో 1/50లో తీసినదానితో పోలిస్తే సరిగ్గా సగమే. హాల్లో ఆ సగం చాలా విలువైనది. క్యామ్‌కార్డర్ సెన్సరే చిన్నది. దానికి తోడు లెన్సును చివరికంటా జూమ్ చేస్తే వెలుగు ఇంకా పడిపోతుంది. సోనీ సీఎక్స్405 తీసుకోండి, వెడల్పు వైపు ఎఫ్1.8, జూమ్ చివర ఎఫ్4 (ఈ ఎఫ్ అంకె పెరిగే కొద్దీ వెలుగు తగ్గుతుంది). అంటే వచ్చే వెలుగు దాదాపు అయిదో వంతు. అప్పుడు కెమెరా గెయిన్ పెంచేస్తుంది, అంటే తక్కువ వెలుగు బొమ్మను బలవంతంగా ప్రకాశవంతం చేస్తుంది, నల్ల తెర మీద ఇసుక చల్లినట్టు చుక్కలు లేస్తాయి.

అసలు చాలా చవక మోడళ్ళలో షట్టర్ మన చేతికే ఇవ్వరు. కొనే ముందు మెనూలో షట్టర్ విడిగా పెట్టుకునే వీలుందో లేదో చూసుకోవాలి.

కృష్ణలంక_అమ్మ
చాలా వరకు అర్థమైంది, థాంక్సండీ. చూసేది ఎక్కువగా ఇంట్లో టీవీలోనే. మా అత్తగారికి, అమ్మకు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తాను. ఇంకా అర్థం కానిది 'ఐ', 'పి' తేడా. 50ఐ కెమెరా ఒకటి చవగ్గా వస్తోంది, 50 అన్నారు కదా అదీ 50యే కదా?

గోదారిగట్టు
అక్కా, ఆ 50ఐ జోలికి వెళ్ళొద్దు. డాన్సుకు అసలు వద్దు.

50పి అంటే సెకనుకు 50 పూర్తి బొమ్మలు. 50ఐ అంటే 50 సగం బొమ్మలు. ఒకసారి బేసి గీతలు, తర్వాత సరి గీతలు, ఒక్కో సగానికి 540 గీతలు. పాత గాజు టీవీల కాలంలో అది తెలివైన పద్ధతే, సగం ఖర్చుతో కదలిక నున్నగా కనపడేది. ఇప్పటి స్క్రీన్లు మొత్తం బొమ్మను ఒకేసారి చూపిస్తాయి. ఆ రెండు సగాలు సెకనులో యాభయ్యో వంతు తేడాతో తీసినవి. ఆ మధ్యలో చెయ్యి కదిలిపోయి ఉంటుంది. రెండూ కలిపి చూపిస్తే చేతి అంచు దువ్వెన పళ్ళలా చీలి కనిపిస్తుంది. టీవీ దాన్ని కొంత సర్దుతుంది, కంప్యూటర్‌లో తెరిస్తే బయటపడుతుంది. నేను స్కూల్ వార్షికోత్సవాలు ఎడిట్ చేస్తుంటాను. పిల్లలు నిలబడి ప్రార్థన పాడినంతసేపు ఏ తేడా ఉండదు, కోలాటం మొదలవగానే కర్రలన్నీ చీలికలే.

ఏవీసీహెచ్‌డీ (కెమెరా వీడియోను దాచుకునే ఫార్మాట్) అని రాసి ఉందని ఆగిపోకండి. 2006లో సోనీ, పానాసోనిక్ కలిసి తెచ్చినప్పుడు ఆ ఫార్మాట్‌లో ఫుల్ హెచ్‌డీ 50పి లేదు. 2011లో వచ్చిన రెండో వెర్షన్‌లో కలిపారు. పెట్టె మీద "1080 50పి" అని ఉందా లేదా అన్నదే చూడండి.

పద్మవనం
ఎవరూ 25పి మాట ఎత్తలేదేం? సినిమా సెకనుకు 24 ఫ్రేములు. 25పి పెట్టి, షట్టర్ 1/50 పెట్టండి, అచ్చం సినిమాలా వస్తుంది, ట్యూబ్‌లైట్ మినుకు కూడా రాదు. 50పి చూస్తే న్యూస్ చానల్ లైవ్‌లా ఉంటుంది. రంగప్రవేశం జీవితంలో ఒక్కసారి వచ్చే పండగ, అందంగా ఉండొద్దా?

ఎడిట్‌గది
పద్మవనం గారూ, సినిమా అందం ఒక్క 24 అంకె వల్ల రాదు. పెద్ద సెన్సర్, లైటింగు, కెమెరా ఎంత నిదానంగా తిప్పాలో తెలిసిన మనిషి, ఇవన్నీ కలిస్తే వస్తుంది. క్యామ్‌కార్డర్‌తో 25పి తీస్తూ, పిల్ల స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్తుంటే వెంట తిప్పితే వెనక తెర గడగడా గెంతుతుంది.

అభినయానికి 25 సరే. జతులకు మాత్రం 50. ఈ ఒక్క విషయంలో నేనూ లెన్సుబాబాయ్ గారూ ఒకే పక్షం.

నట్టువాంగం
డాన్సు నేర్పే మనిషిగా ఒక మాట చెప్పాలి. మా పిల్లల వీడియోలు నేను చూసేది అందం కోసం కాదు, తప్పులు దిద్దడానికి. తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి తాళానికి అడుగు జరిపేటప్పుడు మడమ ఎప్పుడు లేచింది, పళ్ళెం ఎప్పుడు కదిలింది అనేది ఆపి ఆపి చూస్తాను. 25 ఫ్రేముల్లో మూడో కాలం జతి ఆపి చూస్తే పాదం ఉండాల్సిన చోట మసక మాత్రమే ఉంటుంది. 50పి, షట్టర్ 1/100 పెట్టి తీసిన వీడియోలో అడుగు అడుగూ విడిగా కనపడుతుంది. వెలుగు సరిపోతే 1/100, లేకపోతే 1/50. ఫ్రేములు మాత్రం 50 తగ్గొద్దు.

ఇంకొకటి, పాదాలు కనపడాలని అన్నారు కదా. ట్రైపాడ్ ఎత్తు స్టేజీ నేల కన్నా కాస్త పైన ఉండాలి. కింద నుంచి తీస్తే స్టేజీ అంచు పాదాలను కోసేస్తుంది. అది ఏ కెమెరా సరిచేయలేదు.

కృష్ణలంక_అమ్మ
టీచర్ గారూ, మీరు చెప్పింది మా గురువు గారికి చదివి వినిపించాను, "ఆవిడ ఎవరో నా మాటే చెప్పారు" అన్నారు.

తరుణ్‌వ్యూఫైండర్
4కే ఎందుకు వదిలేస్తున్నారు? సోనీ ఏఎక్స్53 సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే పట్టుకోండి. 20 రెట్ల జూమ్, సీఎక్స్405 కన్నా సెన్సర్ చాలా పెద్దది, లెన్సు మొత్తం లోపల కదులుతూ వణుకు ఆపుతుంది. 4కేలో స్టేజీ మొత్తం కదలకుండా తీసి, తర్వాత కంప్యూటర్‌లో కావాల్సిన చోట హెచ్‌డీకి కోసుకోవచ్చు. సెకనుకు వంద మెగాబిట్ క్వాలిటీ.

గోదారిగట్టు
అందులో 4కే 25పి వరకే అన్నా. 50పి కావాలంటే హెచ్‌డీకి దిగాలి. నట్టువాంగం గారు పైన చెప్పింది చూశారు కదా.

తరుణ్‌వ్యూఫైండర్
నిజమే, డాన్సుకు దాన్ని హెచ్‌డీ 50పిలోనే వాడాలి. అప్పుడూ పెద్ద సెన్సర్ లాభం ఉంటుంది. అంత ధర వద్దనుకుంటే పానాసోనిక్ హెచ్‌సీ-వీ785 పాల్ మోడల్ వెతకండి. 1080 50పి, 20 రెట్ల జూమ్, మైక్ పెట్టుకునే రంధ్రం ఉంది. ఇళ్ళవాళ్ళ క్యామ్‌కార్డర్లు చాలా కంపెనీలు తగ్గించేశాయి కాబట్టి కొత్తవి దొరక్కపోతే బాగా చూసుకున్న పాతది ఫర్వాలేదు. జూమ్ చివరిదాకా లాగి, ఫోకస్ నిలుస్తుందో లేదో చూడండి. అందులో ముందే ఏదైనా తీసి ఉంటే ఫైల్ వివరాల్లో 25/50 ఉందో 29.97/59.94 ఉందో చూస్తే ఏ దేశపు మోడలో తెలిసిపోతుంది.

సౌండుమాస్టర్
బొమ్మ గురించి అందరూ మాట్లాడుతున్నారు, నట్టువాంగం, మృదంగం, వయొలిన్ ఎవరు వినాలి? హాలు వెనక కెమెరా సొంత మైకులో పాట కన్నా పక్క సీటు దగ్గులు ఎక్కువ వినపడతాయి. సీఎక్స్405 లాంటి చిన్న మోడళ్ళకు బయటి మైక్ పెట్టే జాగానే లేదు. కొనేదానికి అది ఉండి తీరాలి.

హాలు మిక్సర్ నుంచి లైన్ ఇస్తామంటే నేరుగా కెమెరా మైక్ రంధ్రంలో గుచ్చకండి. అది చాలా బలమైన సిగ్నల్, మైక్ ఇన్‌పుట్‌లో పగిలిపోతుంది. మధ్యలో సిగ్నల్ తగ్గించే కేబుల్ కావాలి. అంతకన్నా మేలు, మిక్సర్ దగ్గర చిన్న ఆడియో రికార్డర్ విడిగా పెట్టి తర్వాత కలపడం. కెమెరా ఆడియో కూడా ఆన్‌లోనే ఉంచండి, రెండూ కలపడానికి అదే ఆధారం. గజ్జెల చప్పుడు మిక్సర్‌లోకి సరిగా రాదు, కెమెరా మైకులో వస్తుంది. రెండూ కలిపితేనే నిండుగా ఉంటుంది.

ఫోన్‌చాలు
సౌండుమాస్టర్ గారు చెప్పాక నాకూ క్యామ్‌కార్డరే న్యాయం అనిపిస్తోంది. కార్డు ఎంత కొనాలి మరి?

ఎడిట్‌గది
ఏవీసీహెచ్‌డీ 50పి గరిష్ఠంగా సెకనుకు 28 మెగాబిట్, అంటే గంటకు 12.6 జీబీ. మూడు గంటలకు 38 దాకా, 64 జీబీ కార్డు చాలు. సోనీ ఎక్స్‌ఏవీసీ ఎస్ అనే ఫార్మాట్‌లో 50 మెగాబిట్ పెడితే గంటకు 22.5 జీబీ, మూడు గంటలకు 67 దాటుతుంది, 128 తీసుకోవాలి. 4కే 100 మెగాబిట్ అయితే గంటకు 45.

ఏవీసీహెచ్‌డీ పెద్ద క్లిప్పులను ముక్కలుగా కోసి దాచుకుంటుంది. ఎక్స్‌ప్లోరర్‌లో ఫైళ్ళు ఒక్కొక్కటీ లాగి అతికిస్తే అతుకుల దగ్గర పాట చిటుక్కుమంటుంది. కార్డులోని ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకుని, కెమెరాతో వచ్చే సాఫ్ట్‌వేర్‌తో దించుకోండి.

కృష్ణలంక_అమ్మ
వీ785 పాల్ మోడల్ ఒకటి హైదరాబాద్‌లో తెలిసినవాళ్ళ దగ్గర దొరికింది, తీసేసుకున్నాం. నిన్న రిహార్సల్‌లో పెట్టి చూశాను. 50పి, షట్టర్ 1/50. ట్యూబ్‌లైట్ల కింద ఒక్క మినుకు లేదు, అడుగులు చక్కగా వచ్చాయి. రెండు ఇబ్బందులు. స్పాట్‌లైట్ పడగానే పిల్ల ముఖం తెల్లగా పేలిపోయింది. రెండోది, వెనక ఎల్ఈడీ స్క్రీన్ మీద గుడి బొమ్మ వేస్తే వీడియోలో దాని మీద అడ్డంగా నల్ల పట్టీలు పాకుతున్నాయి. కంటికి మామూలుగానే ఉంది.

లెన్సుబాబాయ్
మొదటిది తేలిక. చుట్టూ చీకటి ఉంది కాబట్టి ఆటోమేటిక్ ఎక్స్‌పోజర్ హాలంతా వెలుతురు చేయాలని చూస్తోంది. ఐరిస్ (లెన్సులోంచి వెలుగు వచ్చే రంధ్రం) మాన్యువల్‌లో పెట్టి, ముఖం మీద వెలుగు సరిపోయేదాకా దించండి. వెనక తెర నల్లబడినా పట్టించుకోవద్దు. వైట్ బ్యాలెన్స్ (లైటు రంగును బట్టి కెమెరా రంగులు సర్దుకునేది) కూడా లాక్ చేయండి, లేకపోతే ఎర్ర లైటు వేసినప్పుడల్లా రంగులు మారుతుంటాయి.

రెండోది మన కరెంటు వల్ల కాదు. ఆ స్క్రీన్ తన సొంత వేగంతో వరసలు వరసలుగా వెలుగుతుంది, వెలుగు తగ్గించడానికి బల్బులను వేగంగా ఆర్పి వెలిగిస్తుంది. ఎంత డిమ్ చేస్తే ఆరి ఉండే సమయం అంత ఎక్కువ. స్క్రీన్ ఆపరేటర్‌తో మాట్లాడి మరీ డిమ్ చేయకుండా, అందులో వేసే బొమ్మే ముదురు రంగుల్లో ఉండేలా చూడమనండి. రిఫ్రెష్ రేటు పెంచే వీలుంటే పెంచమనండి. షట్టర్ 1/50 నుంచి పైకి పోతే పట్టీలు ఇంకా గట్టిపడతాయి, అక్కడే ఉంచండి.

నట్టువాంగం
స్క్రీన్ బదులు నల్ల తెర వేయమని అడిగితే మంచిది. పిల్ల ఆహార్యం అప్పుడే నిలుస్తుంది. ఎల్ఈడీ గుడి ముందు ఏ చీర రంగూ ఆనదు.

కృష్ణలంక_అమ్మ
నల్ల తెరకు గురువు గారు వెంటనే సరే అన్నారు. చివరిగా ఒకటి. కెమెరా అక్కడి నుంచి తేలేదని తమ్ముడు కాస్త చిన్నబుచ్చుకున్నాడు. తన ఐఫోన్‌తో పక్క నుంచి తీస్తానంటున్నాడు. రెండూ కలిపి ఎడిట్ చేయించొచ్చా?

డాలస్‌మావ
తీయనివ్వండి అక్కా, మేనమామ హక్కు అది.

ఎడిట్‌గది
తప్పకుండా. కానీ 30లో గానీ 60లో గానీ తీయనివ్వకండి, మీ 50తో కలిపినప్పుడు కదలిక తడబడుతుంది, పైగా హాలు లైట్లకు మినుకు రావచ్చు. ఐఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో రికార్డ్ వీడియో, అక్కడ పాల్ ఫార్మాట్లు చూపించు అనే మీట ఉంటుంది. అది ఆన్ చేస్తే 25 కనపడుతుంది. 25ని 50 టైమ్‌లైన్‌లో వేస్తే ఒక్కో ఫ్రేము రెండుసార్లు సరిగ్గా పడుతుంది. ఆయన షాట్లు ముఖానికి, అభినయానికి వాడండి, జతులకు మీ కెమెరా. ఫోన్లు ఫ్రేముల వేగాన్ని మధ్యమధ్యలో కాస్త అటూ ఇటూ చేస్తాయి, పొడుగు క్లిప్పులో పాట పెదవులకు తప్పుతుంది. ఎడిట్‌కు ముందు హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేసి స్థిరమైన 25కి మార్చుకోండి.

సౌండుమాస్టర్
రెండు కెమెరాలూ, ఆడియో రికార్డరూ ఆన్ చేశాక, తెర లేవకముందే ఎవరినైనా స్టేజీ మీద గట్టిగా ఒక్క చప్పట్లు కొట్టమనండి. మూడింటినీ కలపడానికి ఆ ఒక్క చప్పుడు చాలు. క్యామ్‌కార్డర్‌కు బ్యాటరీ మీద ఆధారపడకుండా అడాప్టర్ ప్లగ్గులో పెట్టి, వైరు నేలకు టేపు వేయించండి. విరామంలో పిల్లలు అటే పరుగెత్తుతారు.